దూది మంచు కింద పదకొండు మంది

పోయిన వారం భాగంలో యాస్మీన్‌ను ఆమె మేనమామ అలీముద్దీన్ మామూ ఎదుట వదిలిపెట్టాం. తల్లి లతీఫున్నీసా పోయి నలభై రోజులు నిండిన మర్నాడు, ఆమె ట్రంకు పెట్టె అడుగున ఒక పాత ఫొటో దొరికింది. క్రిస్మస్ చెట్టు ముందు పదకొండు మంది పిల్లలు. వెనక తెలుగు అక్షరాల్లో 'సారవ్వ' అని ఒక్క మాట. ఆ ఇంట్లో పెద్దవాళ్లెవరికీ తెలుగు రాయడం రాదు. ఫొటో చూడగానే మామూ చాయ్ ముట్టకుండా లేచాడు. "పారెయ్ దాన్ని. పోయిన మనిషిని కదిలించకు" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

యాస్మీన్ పారెయ్యలేదు. ఏడవనూ లేదు. తల్లి పోయిన నాలుగో రోజునే లక్ష్మీనగర్‌లో తన టైలరింగ్ దుకాణం షట్టర్ ఎత్తింది. వచ్చిన ఆడవాళ్లు "రాయిలెక్క ఉన్నదేంది ఈమె" అనుకోవడం వినబడింది. వాళ్ల జాకెట్లకు గుండీలు కుట్టి ఇచ్చింది.

సారవ్వ జాడ చెప్పింది చర్చి పాత సెక్రటరీ రాజం సారు. ఒకప్పుడు ఊరి చివర ఉండి, ఇప్పుడు గోడలు కూడా మిగలని పిల్లల ఆశ్రమంలో ఆమె ఆయాగా పనిచేసిందట. ఆయన ఇచ్చిన నంబరుకు యాస్మీన్ ఈ పొద్దున ఫోన్ చేసింది. "నేను లతీఫున్నీసా బిడ్డను. మా అమ్మీ పెట్టెల ఒక ఫొటో ఉంది. దాని మీద మీ పేరున్నది" అని మాత్రమే అన్నది. తల్లి చనిపోయిందని చెప్పలేదు. దాచాలని కాదు. నలభై రోజులుగా ఆ మాట అవసరమైన ప్రతిచోటా వేరేవాళ్లే అనేశారు. ఆమె నోటికి అది ఇంకా రాలేదు.

* * *

ఎయిట్ ఇంక్లైన్ కాలనీలో సారవ్వ కొడుకు క్వార్టర్ ముందు యాస్మీన్ ఆటో దిగేసరికి రెండయింది. కొడుకూ కోడలూ పనులకు పోయారు. డెబ్బై నాలుగేళ్ల ముసలమ్మ వాకిట్లోనే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇస్త్రీ చీర కట్టుకుంది. తలకు నూనె రాసి నున్నగా దువ్వుకుంది. యాస్మీన్‌ను చూసి, ఆమె వెనక ఆటోలోకి కూడా తొంగి చూసింది.

"మీ అమ్మ రాలేదా బిడ్డా?"

"లేదవ్వా."

"మంచిదే తియ్యి. ముందుగాల నువ్వు వచ్చినవ్. దా, లోపటికి దా."

లోపల కిటికీ పక్కన మంచం మీద ఇద్దరూ కూర్చున్నారు. యాస్మీన్ బ్యాగులోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. ఫొటోను ఫోన్‌లో పెద్దగా చేసి చూపించబోతే సారవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"గదొద్దు. అసలుది ఇయ్యి. కండ్లకు ఆపరేషన్ అయింది, మంచిగనే కనవడ్తది."

ఫొటోను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది. అరచేతిలో ఇమిడే ఫొటో. ఒకప్పటి నలుపు ఇప్పుడు చాయ్ రంగుకు తిరిగింది. రెండు వరసల్లో పిల్లలు, తలల మీద కాగితం టోపీలు. పైన వెదురు పుల్లలతో కట్టిన నక్షత్రం.

"ఈ చెట్టు చెట్టు గాదు బిడ్డా. సరుగుడు కొమ్మ. కిరసనాయిలు డబ్బాల ఇసుక పోసి నిలవెట్టినం. మంచు మన దగ్గర ఏడికెల్లి వస్తది? పెద్దమ్మగారు తన పరుపు చింపి దూది తీసిచ్చింది. కొమ్మ మీద, నేల మీద, పిల్లల టోపీల మీద గూడ అంటిచ్చినం. ఆమె నెల రోజులు చాప మీద పన్నది."

పెద్దమ్మగారంటే ఆశ్రమం నడిపిన ఆమె.

"ఇది ఎప్పటిది అవ్వా?"

"బంగ్లాదేశ్ యుద్ధం అయిపోయిందని రేడియోల చెప్పిన వారానికి. డెబ్బై ఒకటి."

"ఒక్కరు గూడ నవ్వుతలేరు."

"నవ్వితే కదుల్తరని ఫొటో ఆయన బెదిరిచ్చిండు. కదిలితే మొకం పడదన్నడు. గీ పిలగాడు కదిలిండు, చూడు." వెనక వరసలో ఒక పిల్లవాడి మెడ మీద తలకు బదులు పొగ ఉంది.

కుడి అంచున చీర కొంగు, ఒక మోచెయ్యి మాత్రం కనిపిస్తున్నాయి. యాస్మీన్ దాని మీద వేలు పెట్టింది.

"నాదే" అన్నది సారవ్వ. "పిల్లలను సర్దిపిచ్చి పక్కకు జరుగుతున్న. ఆయమ్మను ఫొటోల దిగుమని ఎవరంటరు? మోచెయ్యన్న పడ్డది."

ఆమె నవ్వింది. యాస్మీన్ నవ్వలేదు. రాత్రుళ్లు ఈ ఫొటోను ఎన్నిసార్లు చూసిందో ఆమెకే తెలియదు. మొహాలు ఏమీ చెప్పలేదు. చిన్నప్పటి తల్లి మొహం ఆమె ఎప్పుడూ చూడలేదు మరి. చివరికి తనకు తెలిసినదాన్ని చూసింది. బట్టలను.

"అవ్వా, తొమ్మిది మంది బట్టలు ఒకటే తాన్‌ల నుంచి కోసినయి. అదే చార. అదే కుట్టు. ఈ ఇద్దరివి వేరే." ముందు వరసలో ఎడమ పక్కన ఏడేళ్ల పిల్ల, ఆమె ముందు మూడేళ్ల పిల్లవాడు. "ఈ పిల్ల గౌను, పిలగాని అంగి ఒకటే బట్ట. చీరది. అంచు గౌనుకు కింద వేసిన్రు, మిగిలిన అంచు అంగి కాలరుకు. చేతితోని కుట్టిన కుట్టు, మిషన్‌ది గాదు. చీర పాతది, ఉతికి ఉతికి పల్చబడ్డది."

ఆమె గొంతు కొలతలు చెప్పేటప్పటి గొంతులాగే ఉంది. సారవ్వ ఫొటో మీంచి తల ఎత్తింది.

"ఇంకేం కనవడ్డది?"

"పిల్ల కుడి చెయ్యి కనవడ్తలేదు. పిలగాని ఎనక ఉన్నది. అంగి ముందర ఈ ముడతలు చూడు, అన్నీ ఒక దిక్కుకే పోతున్నయి. ఎనక నుంచి గుంజి పట్టుకుంటే పడే ముడతలివి. పిడికిట్ల పట్టుకున్నది వాన్ని." వేలిని పిల్ల మొహం మీదికి జరిపింది. "ఈ పిల్ల మా అమ్మీయేనా?"

"కొమురవ్వ" అన్నది సారవ్వ. "మీ అమ్మ పేరు కొమురవ్వ బిడ్డా. వాడు తమ్ముడు, రాయమల్లు."

ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ జరిగింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి, గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలాయి. ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు.

కొమురవ్వ. యాస్మీన్ ఆ పేరును మనసులో రెండుసార్లు అనుకుంది. ఎవరో పక్కింటావిడ పేరులా ఉంది. ఏదో ఒకటి అనిపించాలి కదా అని ఎదురుచూసింది. ఏమీ అనిపించలేదు.

"చెప్పు అవ్వా" అన్నది.

"కమాన్‌పూర్ దిక్కోళ్లు. నాయిన బొగ్గు బాయి పనికని ఈడికొచ్చిండు. విషజ్వరం వచ్చి వారం తేడాతోని మొగడు పెండ్లాలిద్దరు పోయిన్రు. చుట్టాలెవరని అడిగితే చిన్నాయిన ఒకడు బొంబాయి కాడ భీవండిల ఉన్నడన్నరు, అడ్రసు తెల్వది. పక్కింటోళ్లు తెచ్చి మా దగ్గర ఇడిచిన్రు. పండుగ ఎనిమిది దినాలున్నది. అప్పటికే పిల్లలందరికి బట్టలు కోసి కుట్టిన్రు, తాన్ అయిపోయింది. పండుగనాడు ఈ ఇద్దరే పాత బట్టల్ల ఉంటరా అని వాళ్ల మూటల తల్లి చీర ఉంటే కోసి నేనే కుట్టిన. కోసేటప్పుడు మీ అమ్మ పక్కనే కూసున్నది. ఏడ్వలే. అంచు పారెయ్యకు అన్నది, అంతే."

యాస్మీన్ ఫొటోలో అంచు వైపు చూసింది.

"ఫొటో పొద్దున తీసిన్రు. సాయంత్రం నాలుగింటికి రిక్షాల ఒక జంట వచ్చిన్రు. ఆయన వర్క్‌షాపుల ఫిట్టరు. పక్కన కొడుకు, పదిహేనేండ్లుంటయి."

"అలీముద్దీన్ మామూ."

"గా పిలగాడే గావచ్చు. వాళ్ల బిడ్డ జ్వరంతోని సచ్చిపోయి ఏడాది. ఆమెకు ఆడపిల్లనే కావాలె. మీ అమ్మను చూసి వదల్లేదు. మంచి మనుషులు బిడ్డా, తప్పు వాళ్లది గాదు. కొమురవ్వ ఏమన్నది? తమ్ముడు వస్తెనే వస్త అన్నది. ఫిట్టరాయన ఇద్దరినీ ఇస్తరా అని గూడ అడిగిండు. పెద్దమ్మగారు ఇయ్యనన్నది. మొగపిలగాన్ని అడగనీకి వేరేటోళ్లు వస్తున్నరన్నది. ఎవరూ రాలే తర్వాత." సారవ్వ చీర కొంగును వేలికి చుట్టుకుంది, విప్పింది. "నన్ను పిలగాన్ని తీసుకొని వంటింట్లకు పొమ్మన్నది. మీ అమ్మ వాని అంగి ఇడుస్తలేదు. నేను ఒక్కొక్క ఏలు ఇప్పిన. నువ్వు పో బిడ్డా, తమ్మున్ని రేపు నేనే తోలుకొని వస్త అన్న. ఒట్టు పెట్టిన. అబద్ధమని నాకు ఎరుకే."

"మామూకు ఇదంతా తెలుసు" అన్నది యాస్మీన్. ప్రశ్న కాదు.

"చూసిండు గదా."

"తర్వాత?"

"రెండు నెలలకు చిన్నాయిన వచ్చిండు, ఇద్దరినీ తీస్కపోత అని. పిల్ల హైదరాబాద్ పోయిందని పెద్దమ్మగారు చెప్పింది. నేను తలుపు కాడ నిలవడి విన్న. ఇరవై ఏండ్లు నాకు. పిల్ల ఊర్లనే ఉన్నదని ఎరుకే గని, నా కొలువు పోతదని నోరు తెరవలే. ఆయన పిలగాన్ని బుజం మీద ఏస్కొని పోయిండు. ఫిట్టరాయన కొత్తగూడెం బదిలీ మీద పోయిండని మల్ల ఎన్నడో విన్న."

సారవ్వ లేచి కుండలో నీళ్లు ముంచి యాస్మీన్‌కు ఇచ్చింది. యాస్మీన్ తాగింది. దాహం లేదు. ఇచ్చారు కాబట్టి తాగింది.

"ఈ ఫొటో అమ్మీ దగ్గరికి ఎట్ల వచ్చింది?"

"నేనే ఇచ్చిన. పద్దెనిమిదేండ్లయితది. దవాఖానల చీటీ లైన్ల కూసున్న. పక్కన బుర్ఖాల ఒకామె. మొకం మీద పరదా తీసి నీళ్లు తాగుతుంటె గదవ కింద మచ్చ చూసిన. పొయ్యి మీద పడ్డప్పుడు కాలిన మచ్చ, మా దగ్గరికొచ్చిన నాడు దానికి మందు పెట్టింది నేనే. కొమురవ్వా అన్న, ఆగలేక. గ్లాసు కింద పడ్డది."

"అమ్మీ ఏమన్నది?"

"తమ్ముడు ఎట్లున్నడు అన్నది. నువ్వెవరు అనలే, ఇన్నేండ్లకు అనలే. ముందుగాల గదే మాట. చెప్పిన. ఈడనే ఉన్నడు, కొలువుకని మల్ల గోదావరిఖనికే వచ్చి గనిల డంపర్ నడుపుతడు, పెండ్లాం పిల్లలున్నరు, ప్రతి క్రిస్మస్‌కు నా దగ్గరికొచ్చి అక్క ముచ్చట ఏమన్న తెలిసిందా అని అడుగుతడు అని. తోలుకొస్త, కూసో అన్న. నా చెయ్యి పట్టుకొని వద్దన్నది."

"ఎందుకు?"

సారవ్వ ఖాళీ గ్లాసు తీసి కిటికీలో పెట్టింది.

"రిక్షాల వాళ్లు చేతికి జిలేబి ఇచ్చిన్రట. అది తినుకుంట పోయిందట. గేటు దాటినంక ఎనక్కి మర్రి చూడలేదట. ఆ జిలేబి అయిపోయినంక తమ్ముడు యాదికొచ్చిండట. ఏం మొకం పెట్టుకొని వాని ముంగట నిలవడాలె అవ్వా అన్నది. ఏడేండ్ల పిల్ల, తిన్న జిలేబి. దాన్ని ముప్పై అయిదేండ్లు మోసింది. నేను చెప్పిన, తప్పు నీది గాదు, నాది అని. వినలే. నా పిల్లలకు తెల్వదు, నువ్వు చెప్పకు, వానికి చెప్పకు అని ఒట్టు ఏపిచ్చుకున్నది. ఇగ నేనేం చేద్దును? ఫొటో ఉన్నది, తీస్కపో అని మర్నాడు తెచ్చి ఇచ్చిన. నా పేరు ఒక్కటే నాకు రాసుడు వస్తది. ఎనక రాసిచ్చిన, మనసు మారితే నన్ను దేవులాడుకొమ్మని."

యాస్మీన్ ఫొటో వెనక్కి తిప్పింది. ఆ అక్షరాలు వంకరగా, బరువుగా ఉన్నాయి. పెన్ను నొక్కిన చోట కాగితం చిరిగేంత.

తల్లి జిలేబి తినేది కాదు. ఇంట్లో ఎవరు తెచ్చినా పంచేసేది. షుగరు అనుకున్నారు అందరూ. ఆమెకు షుగరు లేదు. యాస్మీన్‌కు ఇది ఇప్పుడు అర్థమైంది. అర్థమైనది లోపలికి దిగలేదు. చేతికిచ్చిన వస్తువులా ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకుని కూర్చుంది.

సారవ్వ మొహం విప్పారింది.

"పొద్దుగాల నువ్వు ఫోన్ చేస్తే నా పానం లేచొచ్చింది బిడ్డా. కొమురవ్వ మనసు మారింది, బిడ్డను తోలుతున్నది అనుకున్న. ఫోన్ పెట్టేసి రాయమల్లుకు చేసిన. మీ అక్క దొరికిందిరా అన్న."

యాస్మీన్ తల ఎత్తింది.

"ఏమని చెప్పినవ్?"

"ఫస్టు షిఫ్టుల ఉన్నడు. దిగంగనే వస్తనన్నడు. ఏడుస్తనే ఉన్నడు ఫోన్ల. ముసల్దాన్ని, తమ్మున్ని తోలుకొస్తనని ఆనాడు పెట్టిన ఒట్టు తీరిపాయె అనుకున్న. మీ అమ్మకు గూడ ఫోన్ చెయ్యి, నేను మాట్లాడ్త..."

"అవ్వా."

"ఏందే?"

"అమ్మీ లేదవ్వా."

"ఇంట్ల లేదా?"

"లేదు. చనిపోయింది. మొన్ననే నలభై దినాలయింది."

అదే మొదటిసారి. ఆ మాట తన నోటి నుంచి వచ్చింది, ఇంకొకరి గొంతులా వినబడింది. సారవ్వ ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత దువ్వుకున్న తల మీద చెయ్యి పెట్టుకుంది.

"ఫోన్ల చెప్పలేదు నువ్వు."

"చెప్పలే."

"ఎందుకు చెప్పలే బిడ్డా? నేను వానికి... దొరికింది అన్న గదా వానికి. దొరికింది అన్న."

"చెప్పరాలేదవ్వా" అన్నది యాస్మీన్. అంతకంటే నిజం ఆమె దగ్గర లేదు.

సారవ్వ ఫోన్ తీసి నొక్కింది. అవతల మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ నొక్కింది. గోడ గడియారంలో మూడూ నలభై. మూడింటికి షిఫ్టు దిగి అరగంట దాటింది. ముసలామె ఫోన్‌ను మంచం మీద పడేసింది. యాస్మీన్ దాన్ని తీసి, తెర తుడిచి, పక్కన పెట్టింది.

"వాడొస్తే నేనెట్ల చెప్పుదు? ఒకసారి వేళ్లిప్పి అక్కను తోలిన. మల్ల ఇప్పుడు..." సారవ్వ ఏడ్చింది. యాస్మీన్ ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. ఆ చెయ్యి వెయ్యాలని తెలుసు కాబట్టి వేసింది.

బయట మోటార్ సైకిల్ ఆగింది.

గడపలో నిలబడ్డ మనిషి పొడగరి, యాభై ఏడేళ్లుంటాయి. తల తడిగా ఉంది. తొందరలో చెవి వెనక సబ్బు సరిగ్గా కడుక్కోలేదు, తెల్లగా ఆరిపోయింది. తెల్ల అంగి మీద మడతలు ఇంకా లేవలేదు. చేతిలో బట్టల దుకాణం కవరు. అతను యాస్మీన్‌ను చూశాడు, తర్వాత ఆమెను దాటి లోపలి గది వైపు చూశాడు.

"అక్క లోపటున్నదా అవ్వా?"

సారవ్వ మొహం కొంగులో దాచుకుంది. ఆ ఏడుపును అతను సంతోషం అనుకున్నాడు. తన కళ్లూ తుడుచుకున్నాడు.

"నువ్వు అక్క బిడ్డవా?"

యాస్మీన్ తల ఊపింది. మంచం మీది ఫొటో తీసి ఇచ్చింది. రాయమల్లు కవరు కింద పెట్టి, చేతులు అంగికి తుడుచుకుని రెండు చేతులతో అందుకున్నాడు.

"గీ చిన్నోన్ని నేనా?"

"నువ్వే. ఎనక అమ్మీ."

చాలాసేపు చూశాడు. చివరికి, "నాకు మొకం యాదికి లేకుండె బిడ్డా" అన్నాడు. "యాభై మూడేండ్ల సంది దేవులాడుతున్న గని, ఎదురొస్తే గుర్తువడ్తనా అని ఒకటే ఫికర్ ఉండె. గిట్ల ఉండెనా మా అక్క."

ఫొటోను తిరిగి ఇవ్వలేదు. జేబులో పెట్టబోయి, నలుగుతుందని ఆగి, చేతిలోనే ఉంచుకున్నాడు. వంగి కవరు తీశాడు.

"ఆడిబిడ్డ కాడికి ఒట్టి చేతులతోని పోవద్దన్నది మా ఆమె. చీర తెచ్చిన. మీ ఇంట్ల కడ్తరో లేదో తెల్వదు. అక్క చీర కడ్తదా?"

"కడ్తది" అన్నది యాస్మీన్. కట్టేది అనలేదు. అనాలని నోరు తెరిచింది, ఈ మాటే బయటికొచ్చింది.

సారవ్వ తల ఎత్తి ఆమె వైపు చూసింది. "రాయమల్లూ, జెర కూసో బిడ్డా. నీళ్లు తాగు. ఒక మాట చెప్పాలె."

"నీళ్లు అక్క కాడనే తాగుత అవ్వా. పోదామా బిడ్డా? దూరమా?"

ఆ గదిలో చెప్పవచ్చు. ఇప్పుడే, ఈ మంచం పక్కన, సారవ్వ ఏడుపు మధ్య. ఆ కవరు అతని చేతిలో ఉండగానే. యాస్మీన్ లేచి దుపట్టా సర్దుకుంది.

"దూరం గాదు. పోదాం మామా."

సారవ్వ "బిడ్డా" అన్నది. యాస్మీన్ ఆమె చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలేసింది.

బండి మీద వెనక కూర్చుంది. ఒళ్లో చీర కవరు. ఫొటోను అతను జేబులో నిలబెట్టి, ఒక చేత్తో పట్టుకుని నడిపాడు. ఎదురుగాలిలో ఆగకుండా మాట్లాడాడు. చిన్నాయిన మంచోడని, చదువు వంటబట్టలేదని, రిటైరయ్యేలోపు అక్కను చూడకుంటే ఇక చూడననుకున్నానని. మాటల మధ్య నవ్వాడు. యాస్మీన్‌కు ప్రతి మాటా వినబడింది. ఆమె రోడ్డు పక్క కరెంటు స్తంభాలు లెక్కపెట్టింది.

చౌరస్తా దగ్గర అతను వేగం తగ్గించాడు.

"ఎటు బిడ్డా?"

ఎడమకు లక్ష్మీనగర్, దుకాణం, తాళం వేసిన ఇల్లు. అక్కడ కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, మెల్లగా చెప్పవచ్చు.

"కుడి దిక్కు పోనియ్యి మామా."

కుడి వైపు రోడ్డులో ఇళ్లు లేవు. కొంత దూరం తుమ్మ చెట్లు, ఆ తర్వాత ఖబరస్తాన్ గోడ, దాని వెనక సమాధులు. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో బండ్లు నడుపుతున్న మనిషికి అది ఎవరూ చెప్పనవసరం లేదు.

రాయమల్లు బండిని రోడ్డు పక్కకు తీసి ఇంజను బంద్ చేశాడు. కాళ్లు నేల మీద ఆనించి, రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచి కూర్చున్నాడు. వెనక్కి తిరగలేదు.

"ఎప్పుడు?" అన్నాడు.